మైకు మేడమ్ మాట్లాడని ఏడాది

ఆ బడిలో లెక్కల పాఠం ఏ గదిలో జరుగుతోందో తెలుసుకోవడానికి టైమ్‌టేబుల్ చూడాల్సిన అవసరం ఉండేది కాదు. గేటు దగ్గర నిలబడితే చాలు. మేడ మీద మూలగదిలో లెక్కల మేడమ్ "ఈ భుజమూ ఆ భుజమూ సమానం కాబట్టి..." అని మొదలుపెడితే, కింద సైకిళ్ళ దగ్గర కూర్చున్న వాచ్‌మన్ కూడా ఆ 'కాబట్టి' తర్వాత ఏమొస్తుందోనని చెవి అటు పడేసేవాడు. పక్కగదిలో సైన్సు చెప్పే సారు ఓసారి స్టాఫ్‌రూమ్‌లో చేతులు జోడించి మరీ మొరపెట్టుకున్నాడు.

"మేడమ్, కప్ప గుండెకి ఎన్ని గదులురా అని అడిగితే మావాళ్ళు కర్ణం మీద వర్గం అంటున్నారు. కాస్త తగ్గించండి మేడమ్, మీకు పుణ్యముంటుంది."

ఆవిడ తగ్గించలేదు సరికదా, ఆ మాట ఇంటికొచ్చి మొగుడికి చెప్పి మురిసిపోయింది. ఆవిడకు అసలు పేరంటూ ఒకటి ఉంది కానీ అది జీతం బిల్లులో తప్ప ఎక్కడా కనపడదు. పిల్లలకూ, పిల్లల తల్లిదండ్రులకూ, నోరుజారినప్పుడల్లా హెడ్మాస్టరుకూ ఆవిడ మైకు మేడమ్. ఎదురుగా ఎవరైనా ఆ మాట అనేసి నాలుక్కరుచుకుంటే ఆవిడే నవ్వేసేది. దాచుకోవాల్సిన పేరు కాదని ఆవిడ నమ్మకం.

ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందంటే, వాళ్ళమ్మ దగ్గరినుంచి. అంటే అమ్మ గొంతు పెద్దదని కాదు. అమ్మకు వినపడదు. ఈవిడ ఇంకా పలక పట్టని వయసులో అమ్మకు జబ్బు చేసి, జ్వరం తగ్గేసరికి చెవులు రెండూ పోయాయి. చెవిలో పెట్టుకునే మిషన్లు తెచ్చి చూశారు. తుమ్మెద రొద తప్ప ఏమీ తెలియట్లేదని అమ్మ తీసి సొరుగులో పడేసింది. పేపరు మొదటినుంచి చివరిదాకా చదివే మనిషి, మాట మాత్రం అందదు. అప్పట్నుంచి ఇంట్లో అమ్మకు చెవి ఈ పిల్లే. ఎవరొచ్చారో, ఏమన్నారో, ఎందుకు నవ్వారో అన్నీ అమ్మ ముఖానికి ముఖం ఆనించి అరిచి చెప్పేది. చెప్పాక చివర్లో "అర్థమైందా అమ్మా?" అని అడిగేది. అమ్మ తలూపేది. ఆ తలూపు చూస్తే ఆ పిల్లకు లోకాన్ని జయించినంత సంబరంగా ఉండేది. వినపడని మనిషికే అర్థమయ్యేలా చెప్పగలిగినదాన్ని, చెవులున్నవాళ్ళకి చెప్పలేనా అనుకుని పంతులమ్మ అయింది.

ఆ అలవాటే తరగతిలోకి వచ్చింది. లెక్క ఒకటి పూర్తవగానే సుద్దముక్క బల్ల మీద పడేసి, చేతులు దులుపుకుని అడిగేది.

"అర్థమైందా?"

"అయ్యిందీ మేడమ్!"

ఆ 'దీ' సాగి సాగి కిటికీ ఊచలు దాటి వెళ్ళేది. గట్టిగా రాకపోతే "పొద్దున్న ఏం తినలేదా? అర్థమైందా?" అని ఇంకోసారి అడిగేది. రెండోసారి పైకప్పు లేచిపోయేది. పాఠం ఎంత బాగా వెళ్ళిందో ఆవిడ ఆ అరుపుతోనే కొలుచుకునేది. అందరికంటే పెద్ద అరుపు చివరి బెంచీలో, ఎప్పుడూ వెనక గోడకు వీపు ఆనించి కూర్చునే ఒక పదో తరగతి కుర్రాడిది. వాణ్ణి తోటివాళ్ళు గోడ అనేవాళ్ళు. అందరి 'దీ' ఆగిపోయాక కూడా గోడ 'దీ' ఒక్కటే కాసేపు గాలిలో తిరిగేది. వాడికి లెక్కలంటే ప్రాణమని మేడమ్ గట్టిగా అనుకునేది. మార్కులు చూస్తే అలా ఉండేవి కావు. పరీక్షంటే బెదురు పాపం అని సర్దిచెప్పుకునేది.

ఆ ఏడు బడి తెరిచిన కొత్తలోనే గొంతు జీరపోయింది. వేడినీళ్ళు తాగింది, బిళ్ళలు చప్పరించింది, జీర మీదే అరిచింది. ఒకరోజు హాజరు పిలుద్దామని నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత భయపడ్డారు.

గొంతు డాక్టరు సన్నటి కెమెరా గొట్టం లోపలికి దింపి తెర మీద చూపించాడు. చెప్పు కరిచిన చోట కాయ కాసినట్టు, మాట పలికే తీగల మీద రెండు బుడిపెలు.

"మాట్లాడకూడదమ్మా. గుసగుసగా కూడా వద్దు, అది ఇంకా చెడ్డది. ముందు కొన్ని నెలలు పూర్తిగా మానెయ్యండి. తర్వాత కొద్దికొద్దిగా చూద్దాం. మళ్ళీ ఇదే పని చేస్తే మాత్రం ఆ ఉన్నది కూడా మిగలదు."

గొంతులో వెలక్కాయ పడ్డట్టు అని ఎన్నోసార్లు విన్న మాటే. ఆరోజు ఆవిడకు అది నిజంగా పడింది. బయటికొచ్చాక బండి మీద మొగుడి వీపుకు తల ఆనించి ఇల్లు చేరేదాకా ఏడ్చింది. ఆయనకు బజారులో జిరాక్సు షాపు. నెమ్మదైన మనిషి. ఇంట్లో అత్తగారికి వినపడదు, పెళ్ళాం ఆగదు. మధ్యలో తన మాట ఎప్పుడూ సగంలోనే ఉండిపోయేది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ఏదో మొదలుపెట్టి, పూర్తిచేసి, చుట్టూ చూసుకున్నాడు.

"పెళ్ళయ్యాక నా మాట చివరిదాకా వెళ్ళడం ఇదే మొదలు" అన్నాడు. ఆవిడ గరిటె చూపించింది. ఏడుపులోనే నవ్వు వచ్చింది.

హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. ఫలితాలంటే వణికే మనిషి, అంతే. పదో తరగతి అంటే బడి పరువంతా అక్కడే ఉందని ఆయన నమ్మకం. ఆవిణ్ణి కూర్చోబెట్టి మెత్తగా చెప్పాడు.

"గొంతు బాగయ్యేదాకా లైబ్రరీ చూసుకోండి మేడమ్. పదో తరగతి కొత్త లెక్కల సారుకి ఇద్దాం. మీ మంచికే చెబుతున్నా."

ఆవిడ తన ఫోనులో టైపు చేసి ఆయన ముందుకు తోసింది. వాళ్ళు నా పిల్లలు సార్.

"మీ పిల్లలే, కాదన్నానా? కానీ లెక్కలు సైగలతో ఎలా చెబుతారు? అయినా మీ పాఠం అంటేనే మీ గొంతు కదా!"

ఆ మాట ఆయన పొగడ్తగానే అన్నాడు. ఆవిడకు మాత్రం సూటిగా గుచ్చుకుంది. గొంతు పోతే తనలో పంతులమ్మ అనేది ఏమీ మిగలదా? ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. ఎంతసేపు చెప్పినా లేవలేదు. చివరికి హెడ్మాస్టరే దిగొచ్చాడు. అర్ధసంవత్సర పరీక్షల దాకా తరగతి ఆవిడదే. ఆ పేపర్లు ఎలాగూ వేరే బడి పంతుళ్ళు దిద్దుతారు కాబట్టి మొహమాటాలుండవు. ఫలితాలు కిందటేడు కంటే ఒక్క పిసరు తగ్గినా తరగతి కొత్త సారుకి, ఆవిడ లైబ్రరీకి. ఆ తర్వాత బతిమాలడాలు లేవు.

మొదటి వారం మహా ఘోరంగా నడిచింది. బోర్డు మీద రాయడానికి అటు తిరిగితే వెనక సంత మొదలయ్యేది. డస్టరుతో బల్ల మీద కొడితే పిల్లలకు అదొక తాళంలా కుదిరింది. అప్పుడు ఫోనులో టైపు చేసిన మాటల్ని పైకి చదివే సౌకర్యం ఒకటుందని తెలిసి, చెప్పాల్సిన వాక్యాలన్నీ ఇంట్లోనే రాసుకుని, చిన్న స్పీకరు తగిలించుకుని వెళ్ళింది. ఆ ఫోనులోని అమ్మాయి తీసివేత గుర్తు వచ్చినప్పుడల్లా "అడ్డగీత" అని చదివింది. బ్రాకెట్టు వస్తే మాట మానేసి నిట్టూర్చినట్టు ఆగింది. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. ఆ గోలలో మేడమ్ చెయ్యి తడబడి, ఒక లెక్క మొదలుపెట్టకుండానే, దాని చివర్లో నొక్కాల్సిన వాక్యం ముందే నొక్కేసింది.

"అర్థమైందా?" అంది ఫోను, ప్రాణం లేని గొంతుతో.

"అయ్యిందీ మేడమ్!" అంది తరగతి.

బోర్డు ఖాళీగా ఉంది. లెక్క ఇంకా ఆవిడ పుస్తకంలోనే ఉంది. వెనక నుంచి గోడ 'దీ' ఒక్కటే ఇంకా సాగుతోంది.

ఆ సాయంత్రం అమ్మ వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే పక్కన కూలబడి ఫోనులో పెద్ద అక్షరాలతో జరిగింది రాసి చూపించింది. లెక్క వెయ్యకముందే అర్థమైందన్నారమ్మా. ఎందుకలా అంటారు? అమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివి, కిసుక్కున నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి కూతురి మొహంలోకి చూసింది.

"నేనూ అంతేగా" అంది.

ఆవిడకు బోధపడలేదు.

"చిన్నప్పుడు నువ్వు నా మొహం మీద మొహం పెట్టి అరిచేదానివి. మెడ మీద నరాలన్నీ ఇంతింత లావున ఉబ్బేవి. అరిస్తే నోరు అడ్డంగా సాగిపోయేది, పెదాలు చూసి పోల్చుకుందామన్నా కుదిరేది కాదు. సగం తెలిసేది కాదే. కాలేదంటే ఏం చేస్తావు? మళ్ళీ అరుస్తావు. పసిదానివి, నీచేత ఎన్నిసార్లు అరిపించను? అందుకని తలూపేసేదాన్ని."

ఇన్నేళ్ళూనా? అని రాసింది ఆవిడ.

"ఇన్నేళ్ళూ."

కోపమే ముందొచ్చింది. నా బతుకంతా ఆ తలూపు మీదే కట్టుకున్నానే అనిపించింది. లేచి లోపలికి వెళ్ళిపోయి, నీళ్ళు తాగి, ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోలేక మళ్ళీ వచ్చి కూర్చుంది. అమ్మ ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.

"అర్థమైందా అని అడిగితే కాలేదని చెప్పడం ఎంత కష్టమో నీకేం తెలుసు? నీకన్నీ అర్థమయ్యేవి. కానివాళ్ళకి సిగ్గు, అడిగినవాళ్ళని కష్టపెడతామేమోనన్న బెంగ. ఊఁ అంటే ఏ గొడవా ఉండదు."

మరి నాకెలా తెలుస్తుంది? అని రాసింది.

"అడక్కు. చేసి చూపించమను. ఫలానా ఇంటికి దారి తెలిసిందా అంటే నేను ఊఁ అంటా. కాయితం మీద గీసి చూపించమంటే అక్కడే దొరికిపోతా."

మర్నాడు ఆవిడ కంప్యూటర్ సారు దగ్గరికి వెళ్ళింది. ఆయన గదిలో సగం కంప్యూటర్లు ముసుగేసుకుని పడుకుని ఉంటాయి, మిగతా సగాన్ని ఆయన ఊదీ దులిపీ బతికిస్తుంటాడు. ఒక్కొక్కరికి ఏమర్థమైందో అందరిముందూ అడక్కుండా తెలుసుకునే ఉపాయం ఉందా అని రాసి చూపిస్తే, ఆయన కళ్ళు మెరిశాయి. అలాంటి ప్రశ్న ఆయన్ని ఆ బడిలో ఎవరూ అడగలేదు మరి.

"ఉంది మేడమ్. పిల్లల దగ్గర ఫోన్లు కూడా అక్కర్లేదు. కాయితం కార్డులు చాలు."

ఒక్కో పిల్లకు ఒక్కో కార్డు. దాని మీద గళ్ళగళ్ళుగా నల్లటి బొమ్మ, ఒకరిది ఇంకొకరికి ఉండదు. నాలుగు అంచుల మీద చిన్నగా ఎ, బి, సి, డి. బోర్డు మీద ప్రశ్న, నాలుగు జవాబులు. నీకు నచ్చిన జవాబు అంచు పైకి పెట్టి కార్డు ఎత్తి పట్టుకోవాలి. మేడమ్ తన ఫోను కెమెరాను తరగతి మీదుగా ఒకసారి తిప్పితే చాలు, ఎవరు ఏం చెప్పారో ఆవిడ తెర మీద వస్తుంది. ఒప్పయితే పచ్చ, తప్పయితే ఎరుపు. పక్కవాడి కార్డు చూసి తిప్పుదామంటే ఆ పప్పులుడకవు. అక్షరాలు చీమతలకాయంత, బొమ్మ ఎవరిది వాళ్ళదే.

కార్డులు జిరాక్సు షాపులో అచ్చయ్యాయి. పెళ్ళాం కష్టంలో ఉందని ఆయన ఒకడుగు ముందుకేసి, ఒక్కో కార్డుకీ మెరిసే ప్లాస్టిక్కు లామినేషన్ చేసి, మూలలు గుండ్రంగా కత్తిరించి, పెళ్ళి పత్రికల్లా కట్టకట్టి ఇచ్చాడు. తరగతిలో ఎత్తించి కెమెరా తిప్పితే ఒక్కటీ పట్టలేదు. ట్యూబులైటు వెలుగంతా ఆ ప్లాస్టిక్కు మీద పడి ఫోను కళ్ళు బైర్లు కమ్మాయి. సాయంత్రం ఆ కట్ట తిరిగి షాపుకు వచ్చింది.

"షాపు పెట్టాక లామినేషన్ వద్దన్న కస్టమరు నువ్వొక్కదానివే" అని ఆయన గొణిగాడు. గొణుగుతూనే, మెరుపు లేని మందపాటి కాయితం మీద మళ్ళీ అన్నీ అచ్చేశాడు.

ఈసారి ఆవిడ మొదటి ప్రశ్నగా, వాళ్ళు ఎప్పుడో కింది తరగతుల్లోనే అయ్యిందీ అని అరిచేసిన విషయమే ఎంచుకుంది. ఒక చతురస్రం భుజాన్ని రెట్టింపు చేస్తే దాని వైశాల్యం ఎంతవుతుంది? మారదు, రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు. కార్డులు లేచాయి. ఫోను తిప్పింది. తెర ఎర్రబడింది. అక్కడక్కడ పచ్చచుక్కలు తప్పితే తరగతి మొత్తం రెండు రెట్లంటోంది. గోడ ఎరుపు. ముందుబెంచీలో కూర్చుని ప్రతి మాటకీ తలాడించే పిల్లలంతా ఎరుపు.

పాత గొంతే ఉండి ఉంటే, అదే పాఠాన్ని ఇంకా పెద్దగా ఇంకోసారి అరిచేసేది, వాళ్ళు ఇంకా పెద్దగా అయ్యిందనేవాళ్ళు, అందరూ హాయిగా ఇంటికి పోయేవాళ్ళు. ఇప్పుడా దారి మూసుకుపోయింది. చాలాసేపు సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పి, బోర్డు మీద ఇలా రాసింది. నీ జవాబు కాకుండా వేరే జవాబు చెప్పినవాళ్ళని పట్టుకో. నీదే ఒప్పని ఒప్పించు.

తర్వాత బెంచీలు కిర్రుమన్నాయి. నోరు తెరవని పిల్లని పేరుపడ్డ రెండో బెంచీ అమ్మాయి ఒకతె, వెనక్కి నడిచి వెళ్ళి గోడ ముందు నిలబడింది. ఆ పిల్లది పచ్చ.

"భుజం రెండింతలైతే మొత్తం రెండింతలే కదే! ఇందులో ఏముంది?" అన్నాడు గోడ.

ఆ పిల్ల వాదించలేదు. వాడి మోచెయ్యి పట్టుకుని గోడ దగ్గరినుంచి లేపి, గచ్చు మీద కూర్చోబెట్టి, ఒక నేలపలక చుట్టూ సుద్దతో గీసింది.

"ఇది ఒకటి. ఇప్పుడు భుజం రెండు పలకలంత గియ్యి."

వాడు గీశాడు. లోపల పలకలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. వేలు పెట్టి ఇంకోసారి లెక్కపెట్టాడు.

"ఓరి నాయనో! నాలుగు! ఒరేయ్, నాలుగురా!"

వాడి కేకకు తరగతి తరగతంతా నేల మీదకు దిగింది. ఎవరికి వాళ్ళు గీసుకోవడం, మూడింతలైతే ఎంతని పందేలు, నువ్వు తప్పంటే నువ్వు తప్పని కేకలు. ఆ హోరుకి హెడ్మాస్టరు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. తరగతి గచ్చంతా సుద్ద గీతలు, పిల్లలంతా మోకాళ్ళ మీద, మేడమ్ నోటికి తాళం వేసుకుని మధ్యలో నవ్వుతూ నిలబడి ఉంది.

"ఏం మేడమ్, మీకు గొంతు పోయినా నాకీ గోల తప్పదా?" అన్నాడాయన ఆయాసపడుతూ.

ఆవిడ ఆయనకు ఫోను చూపించింది. ఇందాకటి ఎర్ర తెర. మళ్ళీ కార్డులు ఎత్తించి ఆయన ముందే తిప్పింది. ఈసారి పచ్చటి పొలంలా ఉంది. ఆయనకు కార్డుల సంగతి పూర్తిగా అంతుబట్టలేదు కానీ, రంగు తేడా తెలిసింది. వచ్చిన దారినే కిందికి దిగి వెళ్ళాడు.

అప్పట్నుంచి పాఠం తలకిందులైంది. చెప్పడం ఇంటికి వెళ్ళింది, చెయ్యడం బడికి వచ్చింది. మొగుడు పాత జిరాక్సు మిషనులోంచి ఇనప కమ్మీ ఒకటి విప్పి బల్లకు బిగిస్తే, దానికి ఫోను వేలాడదీసి, కింద కాయితం మీద ఆవిడ లెక్క చేసేది. వీడియోలో రెండు చేతులు, పెన్ను, కింద పెద్ద అక్షరాల్లో మాటలు, అంతే. గొంతు లేదు. పిల్లలు ముందురోజే చూసి రావాలి. ఇంట్లో ఫోను లేనివాళ్ళకు, ఉన్నా చేతికందనివాళ్ళకు కంప్యూటర్ సారు పొద్దున్నే తన గది తెరిచి పెట్టేవాడు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు, ఎన్నిసార్లు తిప్పినా వీడియో విసుక్కోదు.

ప్రతి వీడియోకూ మొదటి ప్రేక్షకురాలు అమ్మే. చూశాక అర్థమైందా అని కూతురు అడగలేదు. కాయితమూ పెన్సిలూ చేతిలో పెట్టి అలాంటిదే ఇంకో లెక్క ఇచ్చేది. అమ్మ ఎక్కడ పెన్సిల్ కొరుకుతూ ఆగిపోతే, ఆ చోట వీడియో మళ్ళీ తీసేది. చదువు మధ్యలో మానేసిన ఆ ముసలమ్మ ఆ వయసులో బీజగణితం పట్టుకుని, భోజనానికి పిలిస్తే చెయ్యి అడ్డంపెట్టి ఆగమనేది.

అంతా నల్లేరు మీద నడకలా సాగిందని చెబితే అబద్ధం. పాఠం చెప్పకుండా పిల్లలకు సినిమాలు చూపిస్తోందని ఒక తండ్రి బడి మీదకు వచ్చాడు. ఆయన్ని తరగతిలో చివరి బెంచీలో కూర్చోబెట్టి చేతికి ఒక కార్డిచ్చారు. ఆయన కార్డు ఎర్రగా వచ్చాక పెద్దగా మాట్లాడలేదు. అసలు తంటా గోడతో వచ్చింది. నేలపలకల రోజున గెంతినవాడే, వారం తిరక్కముందే కార్డు ఎత్తడం మానేశాడు. రోజూ ఎరుపే వస్తోందని వాడికీ తెలుసు. అందరితో కలిసి అరవడంలో ఉన్న హాయి కార్డులో లేదు, అక్కడ వాడొక్కడే. మేడమ్ వాడి పక్కన కూర్చుని తన ఫోను చూపించింది. నీ ఎరుపు నాకు తప్ప ఎవరికీ కనపడదు అని రాసింది. దాని కిందే ఇంకోటి రాసింది. మా అమ్మ కూడా అర్థం కాకపోయినా నీలాగే అయ్యిందని నాకు తలూపేది.

వాడికి ఆ రెండోది ఏం తెలిసిందో ఏమో. ఆరోజుకి కార్డు బెంచీ మీదే వదిలేశాడు. కానీ తర్వాతొకనాడు, వర్గసమీకరణాల మధ్యలో, వెనక బెంచీ చప్పుడైంది. గోడ లేచి నిలబడ్డాడు. వాడి వీపుకు ఆనుకోవడానికి ఏమీ లేదు.

"మేడమ్, నాకు అర్థం కాలేదు."

తరగతి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ఆ గదిలో ఆ మాట ఎప్పుడూ ఎవరూ పైకి అనలేదు. వాడి చెవులు కందగడ్డలయ్యాయి.

"ఎక్కడిదాకా అయ్యిందంటే, ఆ మూడో లైను దాకా అయ్యింది. నాలుగో లైనులో ఆ అడ్డగీత ఎలా పోయిందో తెలీలేదు" అన్నాడు.

మేడమ్ చప్పట్లు కొట్టింది. ఒంటరిగా, గట్టిగా, అరచేతులు మండేదాకా కొట్టింది. తర్వాత రెండో బెంచీ నుంచి ఇంకో చెయ్యి లేచింది, "నాకూ కాలేదు మేడమ్" అంటూ. తర్వాత ఇంకోటి. నాలుగో లైను దగ్గర సగం తరగతి తెగిపోయి ఉందని అప్పుడు బయటపడింది. అది తానే సగం మెట్టు ఎగరగొట్టిన చోటని ఆవిడకూ అప్పుడే తెలిసింది. ఏళ్ళ తరబడి ఆ మెట్టు అలాగే ఎగరగొడుతూ వచ్చింది, ఏళ్ళ తరబడి పిల్లలు అయ్యిందీ అంటూ వచ్చారు. ఆవిడకు సిగ్గేసింది. అంతకు రెట్టింపు సంతోషమేసింది.

అర్ధసంవత్సర పరీక్షలు అయ్యాయి. పేపర్లు వేరే బడికి వెళ్ళాయి. అవి తిరిగి వచ్చేదాకా ఆవిడకు అన్నం సయించలేదు. లైబ్రరీ వైపు వెళ్ళాల్సి వస్తే ఆ పక్కకు చూడకుండా నడిచేది. ఫలితాలొచ్చిన రోజున హెడ్మాస్టరు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, చేతిలో కాయితం వంక చూస్తూ, నోరు తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"ఏమైంది సార్, మీ గొంతు కూడా పోయిందా?" అన్నాడు సైన్సు సారు.

"అందరూ పాసయ్యారు" అన్నాడాయన. "లెక్కల్లో. పదో తరగతి మొత్తం. ఒక్కడు మిగల్లేదు. దిద్దినవాళ్ళు ఫోన్ చేసి, మీ పిల్లలు లెక్క తప్పు చేసినచోట కూడా ఎక్కడ తప్పారో పక్కన రాసి పెట్టారండీ, ఇదేం అలవాటండీ అని అడుగుతున్నారు!"

కొత్త లెక్కల సారే ముందుగా లేచి ఆవిడకు చెయ్యి కలిపాడు. ఆ కార్డులు మా తొమ్మిదో తరగతికీ కావాలి మేడమ్ అన్నాడు. సైన్సు సారు కప్ప గుండె ప్రశ్నలు తయారుచేసుకుంటానన్నాడు. జిరాక్సు షాపుకు ఆ వారమంతా పండగే. లామినేషన్ మాత్రం లేదు.

మేడమ్ కళ్ళు తుడుచుకుని, హెడ్మాస్టరు చేతిలోంచి కాయితం లాక్కుని, కిందినుంచి పైకి చూసుకుంటూ వెళ్ళి గోడ దగ్గర ఆగింది. వాడు పాసవడం కాదు, తరగతి నడిమధ్యకు వచ్చి కూర్చున్నాడు.

ఆరోజే బడి వదిలేముందు అందర్నీ వరసల్లో నిలబెట్టి హెడ్మాస్టరు ఆవిణ్ణి వేదిక మీదకు పిలిచాడు. రోజుకు కొద్ది మాటలకు డాక్టరు అప్పటికే ఒప్పుకున్నాడు. హెడ్మాస్టరు తన చేతిలోని మైకు ఆవిడకు అందించాడు. అంత పేరున్న మైకు మేడమ్ మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. ఇంతకుముందు ఎప్పుడూ అవసరం పడలేదు. నోటికి అలవాటైన మాటే వచ్చేసింది, సన్నగా, కొత్తగా.

"అర్థమైందా?"

"అయ్యిందీ మేడమ్!" అని బడంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. చిన్నా పెద్దా అన్ని తరగతులూ. ఒక్క పదో తరగతి వరస మాత్రం నిశ్శబ్దంగా నిలబడింది. ఆ వరస చివరినుంచి ఒక గొంతు లేచింది.

"ఏది మేడమ్?" అన్నాడు గోడ. "మీరింకా ఏం చెప్పలేదు కదా!"

ముందు పదో తరగతి నవ్వింది, తర్వాత బడంతా నవ్వింది, వాచ్‌మన్ కూడా గేటు వదిలేసి వచ్చి నవ్వాడు. మేడమ్ మైకు పక్కకు పెట్టి, కడుపు పట్టుకుని, గొంతు బయటికి రాకుండా జాగ్రత్తగా నవ్వుకుంది. తన జీవితంలో ఇంత గొప్ప జవాబు ఏ పిల్లవాడూ చెప్పలేదనుకుంది.

సాయంత్రం ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చింది. అమ్మ వరండాలో పెన్సిల్‌తో కుస్తీ పడుతోంది. ఫోను తియ్యబోయి ఆగింది. మిగిలిన మాటలు అమ్మ కోసమే దాచుకుని వచ్చింది. ఎదురుగా కూర్చుని, అరవకుండా, నరం ఒక్కటి ఉబ్బకుండా, మామూలు మనుషులు మాట్లాడినట్టు నెమ్మదిగా అంది.

"అందరూ పాసయ్యారమ్మా. తరగతి నాదే."

అమ్మ ఆవిడ పెదాలకేసి చూసింది. పాత అలవాటు చొప్పున తల ఊపడానికి గడ్డం కిందికి దిగింది. సగంలో ఆగింది. పెన్సిల్ ఒళ్ళో పెట్టుకుని, కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అందరూ పాసయ్యారన్నది తెలిసింది. రెండోది అర్థం కాలేదే. మళ్ళీ చెప్పు" అంది అమ్మ.

ఆవిడ మళ్ళీ చెప్పింది.